మోగే రాయి, మోగని మైకు

పాటలు రికార్డు చేసే పిల్లలు, పెళ్ళి వీడియోలు తీసే పిల్లలు, ఫోనులో సొంతంగా చానెల్ పెట్టుకున్న పిల్లలు, ఎవరు ఎదురుపడినా నన్ను ఒకటే అడుగుతారు. ఏ మైకు కొనాలి, ఏ కెమెరా కొనాలి, ఏ కంప్యూటరు కొనాలి? నంద్యాలలో ఒక మిషన్ సంస్థ నడిపే స్టూడియోలో ఉద్యోగమంతా నేను చేసింది ఆ ఎంపికలే కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

నాకు తెలియదు. ఇది వినయం అనుకోకండి. వినయం నా దగ్గర ఎప్పుడూ లేదని మా ఇంట్లోవాళ్ళే సాక్ష్యం చెబుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కొంచెం తెలుసు. మధ్యలో చాలా తెలుసు. రిటైరయ్యాక ఆళ్ళగడ్డలో ఒక నల్లరాయి ముందు నిలబడ్డ రోజున అదంతా గందరగోళమైపోయింది. నేను ఎంచి ఇచ్చిన మైకు వల్ల ఒక శిల్పి పేరు పోయేంత పని జరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. దానికి ముందు, అంత తప్పుదారిలోకి ఎలా నడిచి వెళ్ళానో కూడా చెప్పాలి.

ఖాళీ గది

నా మొదటి పై అధికారి దేవదానం సార్. పాఠాలు, భక్తి పాటలు, రైతుల కోసం చిన్న చిన్న కార్యక్రమాలు తయారుచేసే మా స్టూడియోకు ఆయనే పెద్ద. లవంగం బుగ్గన పెట్టుకుని ఎప్పుడూ చిరాకుగా ఉండేవారు. కొత్త మైకు వస్తే అందరూ పాడి చూస్తారు, లేకపోతే హలో హలో అంటారు. ఆయన అలా చేయరు. మైకును గది మధ్యలో నిలబెట్టి మమ్మల్నందరినీ బయటికి తోలి, తలుపు వేసి, ఆ ఖాళీ గదిని రికార్డు చేసేవారు. తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని దాన్ని వినేవారు. చేరిన వారంలో ఆయన ప్రార్థన చేసుకుంటున్నారేమో అని నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

"ప్రార్థన కాదమ్మా. నువ్వూ విను" అని నా తలకు హెడ్‌ఫోన్లు తగిలించారు. "ఏం ఇనపడ్తాంది?"

"ఏం లేదు సార్."

"సరిగ్గా విను."

విన్నాను. ట్యూబులైటు గుయ్యిమంటోంది. పక్క మిద్దెలో ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో లారీ గేరు మారుస్తోంది. ఏమీ లేదనుకున్న గది నిండా చప్పుళ్ళే.

"ఖాళీ గదిలో ఎంత తక్కువ ఇనపడితే అంత మంచి మైకు. గుర్తుపెట్టుకో" అన్నారు.

ఆ ఒక్క మాట మీద నా ఉద్యోగం నడిచింది. అప్పటినుంచి నాకు పాట కంటే ముందు పాట వెనక చప్పుడు వినిపించడం మొదలైంది. పెళ్ళికి వెళ్తే అందరూ వంటలు మెచ్చుకుంటుంటే నేను జనరేటరును తిట్టుకునేదాన్ని. మైకుల్ని, కెమెరాల్ని, కంప్యూటర్లను కూడా నిశ్శబ్దంతోనే కొలిచాను. కంప్యూటరు ఫ్యాను గాలి కొట్టే శబ్దం ఎక్కువగా ఉంటే దాన్ని స్టూడియోలోకి రానిచ్చేదాన్ని కాదు.

దేవదానం సార్ నేర్పింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. మొత్తం ఒప్పని కూడా అనలేను. ఆయన బతికుంటే వెళ్ళి అడిగేదాన్ని. లవంగం నములుతూ నన్నే తిట్టేవారేమో.

క్లారిటీ

మా వైపు మైకు కొనేవారికి, కెమెరా కొనేవారికి, టీవీ కొనేవారికి కావలసింది ఒకటే. క్లారిటీ. ఇంగ్లీషు ముక్క రాని వాళ్ళు కూడా ఈ మాట అనకుండా అంగడి మెట్లు దిగరు. అందరూ ఒకటే మాట అంటున్నారు కదా, అందరికీ ఒకటే కావాలేమోనని నేను చాలా కాలం అనుకున్నాను.

పగిడ్యాల దగ్గరి ఒక చర్చి పెద్దలు క్లారిటీ ఉండే స్పీకర్లు కావాలని వస్తే, మాట గాజులాగా స్పష్టంగా పలికే చిన్న జత ఎంచి ఇచ్చాను. ఆదివారం దాటగానే మోసుకుని వెనక్కి వచ్చారు.

"క్లారిటీ లేదమ్మా దీంట్లో" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"ఒక్క అక్షరం కూడా పోవడం లేదు కదన్నా?"

"అక్షరాలు యాడికి పోతే మాకేంది? పొలంలో ఉండేవానికి ఇనపడల్ల గదా! చర్చికి వచ్చేటోనికి ఎట్లైనా ఇనపడ్తాది."

ఆయన క్లారిటీ అంటే దూరం. పెళ్ళివాళ్ళకు క్లారిటీ అంటే పెళ్ళికూతురు తెల్లగా కనపడటం. ఉన్నది ఉన్నట్టు చూపించే కెమెరా తెస్తే, ఆడపిల్లను నల్లగా చేశావని ఒకామె నాతో మాట్లాడటం మానేసింది. కాలేజీ లెక్చరరుకు క్లారిటీ అంటే బోర్డు మీది సుద్ద గీత. చిన్న కుర్రాళ్ళకు గుండె అదిరే దరువు. గాంధీ చౌక్ దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రామయ్య శెట్టిని ఒకసారి అడిగాను, నీ లెక్కలో క్లారిటీ అంటే ఏమిటని.

"తీసుకుపోయినోడు మళ్ళా వెనక్కి రాకుంటే దాంట్లో క్లారిటీ ఉన్నట్టక్కా" అన్నాడు, త్రాసు పట్టుకున్నంత గంభీరంగా.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను నిక్కచ్చిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఎవరైనా క్లారిటీ అనగానే తల ఊపొద్దు. ఏది వినపడాలి, ఎవరికి వినపడాలి, యాడ కూర్చున్నవాళ్ళకు వినపడాలి అని అడగండి. విసుక్కుంటారు. అడగండి. ఇంత తెలిసినదాన్ని, ఆ ఆళ్ళగడ్డ శిల్పి నాగలింగాచారిని మాత్రం అడగలేదు.

కంప్యూటరును ఎండలో చూడండి

అసలు విషయంలోకి పోయేముందు కంప్యూటరు సంగతి ఒకటి. దేవదానం సార్ తర్వాత వచ్చిన మేనేజరు హైదరాబాదులో చదువుకున్న మనిషి. పలచగా, తేలికగా, పట్టుకుంటే చేతికి అందంగా ఉండే లాప్‌టాప్ కొనిపించాడు. ఎండాకాలంలో సున్నిపెంటకు చిత్రీకరణకు వెళ్ళాం. మధ్యాహ్నానికి అది వేడెక్కి కళ్ళు మూసింది. తడిగుడ్డ కప్పి, విసనకర్రతో విసిరి, చివరికి నేను నా పమిట కొంగుతో కూడా గాలి కొట్టాను. బాలింతకు కూడా అంత సేవ చేయరు. చుట్టూ చేరిన జనం మా సినిమా కంటే అదే బాగా చూశారు.

ఏసీ గదిలో పెట్టి చూపించే కంప్యూటరును చూసి మురిసిపోకండి. మన వైపు ఎండ, దుమ్ము, వచ్చీపోయే కరెంటు, ఈ మూడింటినీ తట్టుకునేదే మనకు గొప్ప కంప్యూటరు. లావుగా, మొరటుగా ఉన్నా సరే. ఈ మాట మీద మాత్రం నాకు గందరగోళం లేదు. రాతి దుమ్ము ఉండే ఆళ్ళగడ్డలో అదే తరహాది ఆచారికి ఇప్పించాను. అది ఇప్పటికీ బాగానే ఉంది. చెడిపోయిందంతా మైకు దగ్గరే.

నాగలింగాచారి వచ్చాడు

నేను రిటైరయిన కొన్నాళ్ళకు నాగలింగాచారి మా ఇంటికి వచ్చాడు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో విగ్రహాలు చెక్కే మనిషి. గొంతు పెద్దది. తన పని గురించి తానే చెప్పుకోవడంలో మొహమాటం లేదు.

"అక్కా, మూలవిరాట్టు పని వచ్చింది" అన్నాడు కూర్చోకముందే. "ఇన్నాళ్ళూ నాయకుల బొమ్మలు, తోటల్లో పెట్టే బొమ్మలు చెక్కి చెక్కి చెయ్యి మొద్దుబారింది. మా నాయన చేసినాడు మూలవిరాట్టు. నా చేతికి ఇదే మొదటిది."

బళ్ళారి వైపు ఒక ఊరి గుడి వాళ్ళు అడిగారట. రాయి ఇప్పటికే షెడ్డులో పడుకుని ఉంది. అయితే ఉలి పెట్టేముందు ఒక ఆచారం ఉంది. గుడి తరఫున ఒక పెద్దమనిషి వచ్చి రాయిని సుత్తితో తట్టి వినాలి. లోపల పగులు లేకపోతే అది గంటలాగా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. పగులుంటే టక్కుమని అక్కడే చచ్చిపోతుంది. దాన్ని మూగ రాయి అంటారు. మూగ రాయిలో దేవుణ్ణి చెక్కరు. ఈసారి ఆ పెద్దాయనకు కాళ్ళనొప్పులట, రాలేనన్నాడు. వీడియో తీసి పంపమన్నారు.

"నా ఫోన్లో తీస్తే పక్క షెడ్లలో రాళ్ళు అరగదీసే గ్రైండర్లే ఇనపడ్తాండాయి. నా మాట ఇనపడ్లా. మంచి క్లారిటీ ఉండే సెట్టు ఒకటి చూడక్కా. ఇట్లాంటి పనులు ఇంగా వస్తాయి" అన్నాడు.

నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. గ్రైండర్ల మధ్య మాట వినపడాలి! ఉద్యోగమంతా దీనికోసమే తయారైనదాన్ని. శెట్టి అంగట్లో ఒక పూటంతా కూర్చుని, వెనక చప్పుడును తానే కనిపెట్టి తీసేసే కొత్తరకం కాలర్ మైకు ఒకటి ఎంచాను. మంచి కెమెరా, మొరటు లాప్‌టాప్, మిగిలిన కాస్త చప్పుడును కూడా తుడిచేసే ఒక ప్రోగ్రాము. షెడ్డుకు నేనే వెళ్ళి అన్నీ అమర్చి ఇచ్చాను.

ఆచారి కొత్త పంచ కట్టుకుని, మైకు తగిలించుకుని, రాయి పక్కన నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రాయి ఏ గనిలోది, తన తండ్రి ఎంతటివాడు, తన చేతి వాటం ఎలాంటిది, అన్నీ చెప్పాడు. చివర సుత్తితో రాయిని తట్టాడు. తర్వాత లాప్‌టాప్‌లో చూసుకున్నాం. పక్కన మూడు షెడ్లలో గ్రైండర్లు గొంతు చించుకుంటుంటే, వీడియోలో ఆచారి మాట ఒక్కటే, కడిగిన ముత్యంలాగా.

"అబ్బా! క్లారిటీ అంటే ఇదక్కా!" అని ఆయన, గ్రైండర్లు మాయమైపోయాయని నేను, ఒకరినొకరం మెచ్చుకున్నాం. ఆయన తన గొంతును విన్నాడు. నేను నిశ్శబ్దాన్ని విన్నాను. రాయిని ఎవరం వినలేదు.

బళ్ళారి వైపు నుంచి పెద్దాయన ఫోను చేశాడట. "ఆచారీ, మాటలు బాగుండాయి. రాయే మూగది."

టక్

ఆ మాట ఆళ్ళగడ్డ షెడ్లన్నింటికీ పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. నాగలింగాచారికి రాయి ఎంచడం రాదంట అనే మాట అతని తండ్రి పేరుతో కలిపి అనడం మొదలైంది. వేరే ఊరివాళ్ళు ఇస్తామన్న పని కూడా చూద్దాంలే అన్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆచారికి తన మీద తనకే పుట్టిన అనుమానం ఒక ఎత్తు. ఆ వీడియోను ఆచారి మళ్ళీ పెట్టి విన్నాడు. ఈసారి రాయిని విన్నాడు. టక్. మళ్ళీ పెట్టాడు. టక్. రాయి దగ్గరికి వెళ్ళి తట్టి చూస్తే మోగుతోంది. వచ్చి వీడియో చూస్తే టక్. అలా తిరిగి తిరిగి, తన చెవుల మీదే అతనికి నమ్మకం పోయింది.

ఫోనులో అతని గొంతు గుర్తుపట్టలేకపోయాను. "అక్కా, నా చెవులకు ఏమన్నా అయిందా? మిషను అబద్ధం చెప్పదు గదా. నేనే ఇన్నాళ్ళూ మూగ రాళ్ళను మోగుతాండాయని అనుకుంటాండానా? ఒక్కసారి వచ్చి విను."

ఇక్కడ నా చెవి సంగతి చెప్పాలి. రిటైరవ్వడానికి కొంచెం ముందే నాకు మాటలు సరిగ్గా వినపడటం తగ్గింది. చెవి వెనక పెట్టుకునే మిషను తీసుకున్నాను. అమ్మినతను, చుట్టూ చప్పుడంతా తీసేసి మాటలు మాత్రమే వినిపిస్తుందని చెప్పాడు. దేవదానం సారు ఖాళీ గది నా చెవిలోకే వచ్చేసిందని మురిసిపోయాను. చర్చిలో హార్మోనియం గాలి నిలబడటం లేదని, స్వరం పట్టు పట్టగానే తెగిపోతోందని వాయించే అబ్బాయితో గొడవ కూడా పడ్డాను. బాగానే ఉందాంటీ అంటాడు వాడు. నీకు తెలియదులే అంటాను నేను.

బస్సెక్కి ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆచారి సుత్తి తీసుకుని రాయిని తట్టాడు. నా ముఖంలోకి చూశాడు.

"మోగుతాండాదా లేదా? ఉన్నది చెప్పక్కా."

ఇంకోసారి తట్టమన్నాను. ఆ క్షణాన అతనికి నా మాట మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. అది నాకు తెలుస్తూనే ఉంది. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"లే ఆచారీ. మోగడంలా."

ఆచారి అలాగే రాతి ముక్కల మీద కూలబడ్డాడు. అతని భార్య లక్ష్మీదేవి అప్పటిదాకా మూలన రాతిపొడి ఊడుస్తోంది. చీపురు పారేసి వచ్చింది.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? గంట మాదిరి మోగుతాంటే లేదంటావేంది? ఈయన నేను చెప్తే ఇనడు. నువ్వు నా పెండ్లానివి, మోగుతాందనే అంటావ్ అంటాడు. చదువుకున్నామె వస్తాంది, ఆమె చెప్తాదిలే అనుకుంటే నువ్వూ ఇట్లనే అంటివి!"

ఆచారి ఆమె మీద అరిచాడు. ఆమె ఇద్దరి మీదా అరిచింది. మా ఇంట్లో మగవాళ్ళు అరుచుకునేటప్పుడు నేను చెవి మిషను తీసి పర్సులో వేసుకోవడం అలవాటు. అప్పుడూ చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయింది. తీసి పర్సులో వేశాను. లక్ష్మీదేవి కోపంగా సుత్తి లాక్కుని రాయిని ఒక దెబ్బ వేసింది.

మోగింది.

ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు సన్నగా, కానీ నిలబడి, సాగి, మెల్లగా అణిగింది.

"మళ్ళీ కొట్టమ్మా" అన్నాను. మిషను పెట్టుకున్నాను. టక్. తీశాను. మోగింది. పెట్టుకున్నాను. టక్. వాళ్ళిద్దరూ కొట్లాట ఆపేసి నన్ను చూస్తున్నారు, ఈమెకేదో అయిందన్నట్టు.

నాకు నవ్వు రాలేదు. భయం వేసింది. చెవి మిషనుకూ కాలర్ మైకుకూ చప్పుడంటే ఒకటే అర్థం. తెగి తెగి వచ్చేది మాట, దాన్ని ఉంచాలి. ఒకే తీరున సాగేది చప్పుడు, దాన్ని తీసేయాలి. ఫ్యాను, గ్రైండరు, మోటారు అన్నీ సాగేవే. రాయి మోత కూడా సాగుతుంది. హార్మోనియం పట్టు కూడా. పాపం ఆ అబ్బాయి.

కరెంటు పోయిన పూట

కాలర్ మైకు, ఆ ప్రోగ్రాము పక్కన పెట్టేశాను. మా ఇంట్లో ఒక పాత మైకు ఉంది, ఏ తెలివీ లేనిది. వచ్చిందంతా లోపలికి తీసుకుంటుంది, కాస్త సుయ్యిమంటుంది. మరునాడు దాన్ని, బ్యాటరీతో నడిచే రికార్డరును పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గ్రైండర్లు ఆపమని ఆచారి పక్క షెడ్లవాళ్ళను అడిగాడు.

"నీ రాయి మోగల్లని మా పని ఆపుకోవల్లనా? పోప్పా" అన్నారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. నా జీవితంలో కరెంటు పోతే సంతోషించడం అదే మొదలు. చెవి మిషను తీసి పర్సులో వేసి గబగబా అమర్చాను. ఆచారి తట్టాడు. మోగింది, రికార్డులో కూడా మోగింది. లక్ష్మీదేవి చప్పట్లు కొట్టింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మైకును రాయికి ఇంకాస్త దగ్గరగా జరిపి చూశాను. గుడిగంటలాగా మోగింది. వెనక్కి జరిపాను. పొట్టిగా, బీదగా వచ్చింది. ఏది ఈ రాయి అసలు గొంతు? అనుమానం వచ్చి, మూలన పారేసిన పగిలిన రాయిని తట్టమన్నాను. మైకు బాగా దగ్గరగా పెట్టి, రికార్డరు మోత పెంచితే ఆ పగిలిన రాయి కూడా కాస్త మోగినట్టే ఉంది. మూగ రాయిని మోగించగలను, మోగే రాయిని మూగ చేయగలను. ఇంత పని నా చేతిలో ఉందని ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు తట్టలేదు.

"నా చెవికి ఎట్ల ఇనపడ్తాందో అట్ల రావల్లక్కా, అంతే" అన్నాడు ఆచారి.

"నీ చెవికి ఎట్ల వినపడుతోందో నాకెట్ల తెలుస్తాది నాయనా?"

చివరికి నాకు తోచింది చేశాను. మైకును ఒకచోట పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. రెండు రాళ్ళకూ అది సమానమైన దూరంలో ఉండేట్టు పగిలిన రాయిని జరిపించాం. ముందు పగిలింది, తర్వాత మంచిది, కెమెరాను మధ్యలో ఎక్కడా ఆపకుండా తట్టించాను. ఉపన్యాసం వద్దన్నాను. అది ఆచారికి కష్టంగానే ఉండింది. ఏదీ తుడవకుండా, ఏదీ పెంచకుండా అలాగే పంపాం.

పెద్దాయన ఫోనులోనే జవాబు చెప్పాడు. "ఈసారి మరీ బాగుందే! ఏమన్నా కలిపినారా?"

ఒళ్ళు మండింది. ఉన్నది తీసేసినప్పుడు నమ్మారు, ఉన్నది ఉంచితే నమ్మలేదు. ఆచారి నా చేతిలోంచి ఫోను లాక్కుని, "కాళ్ళనొప్పులుంటే బండి పంపుతా. వచ్చి కొట్టి చూడండి. మోగకుంటే నేను ఇంగ ఉలి పట్టను" అనేశాడు. లక్ష్మీదేవి తల పట్టుకుంది.

పెద్దాయన

పెద్దాయన వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని, పిలిచినందుకు కోపంగానే వచ్చాడు. ఆచారి ఆ ఉదయం నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. షెడ్ల వాళ్ళంతా వాకిట్లో చేరారు. ఆ రోజు మాత్రం గ్రైండర్లు వాటంతటవే ఆగాయి, అందరికీ వేడుక కావాలి కదా.

పెద్దాయన తట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"లే. మొదటి వీడియో చూసి చెప్పిందే. మూగది."

నాకు, లక్ష్మీదేవికి, వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ అది మోగడం తెలుస్తోంది. నేను మిషను తీసేసే వచ్చాను మరి. ఆచారి మాత్రం అందరి ముఖాలూ చూస్తున్నాడు. మళ్ళీ తన చెవి మీద అనుమానం మొదలైందని అతని కళ్ళలో కనపడింది. అప్పుడు పెద్దాయన చెమట తుడుచుకోవడానికి తువ్వాలు పైకి నెట్టాడు. చెవి వెనక, నాకున్నలాంటిదే, చిన్న మిషను.

పెద్దమనిషితో నలుగురిలో ఆ మాట ఎలా అనడం? నా పర్సు తెరిచి నా మిషను తీసి అరచేతిలో పెట్టి ఆయనకు చూపించాను.

"పెద్దాయనా, నాకూ ఉంది. ఇది పెట్టుకుంటే నాకూ ఈ రాయి మూగదే. ఒక్కసారి తీసి వినండి."

"ఇది తీస్తే నాకు మాటలే ఇనపడవమ్మా" అన్నాడు కోపంగా.

"మాటలు మేము మాట్లాడం. రాయిని వినండి."

తర్వాత మిషను తీసి జేబులో వేసుకుని, రాయి మీదకు బాగా వంగి, తట్టాడు. అలాగే ఉండిపోయాడు. మళ్ళీ తట్టాడు. ఈసారి అరచేతిని రాయికి ఆనించాడు. ఆచారి ఏదో అడిగాడు. పెద్దాయనకు వినపడలేదు. ఇంకోసారి తట్టి, మోత అణిగేదాకా కదలలేదు. మిషను మళ్ళీ తగిలించుకుని లేచాడు.

"బేగా మొదలుపెట్టు ఆచారీ" అన్నాడు.

ఆచారి భార్య వైపు తిరిగాడు. "మోగుతాందంట లక్ష్మీ" అన్నాడు చిన్నపిల్లవాడిలాగా.

"నేను చెప్తే మోగలేదా?" అంది ఆమె, ఏడుస్తూ.

మిగిలినవి

మొదటి వీడియోలో ఆ రాయి నోరు మూసింది నా మైకా, నా ప్రోగ్రామా, పెద్దాయన చెవి మిషనా? ఆ వీడియోలో ఆచారికి కూడా మోత వినపడలేదంటే మైకుదే తప్పు. రాయి ఎదురుగా నిలబడినా పెద్దాయనకు వినపడలేదంటే, ఎంత మంచి మైకు పెట్టినా ఆయనకు వినపడేదే కాదు. మరి రెండో వీడియో మరీ బాగుందని ఎలా అన్నాడు? ఆ రోజు మిషను తీసి విన్నాడో, పక్కవాళ్ళెవరైనా విని చెప్పారో అడగడం మర్చిపోయాను. ఇప్పటికీ నాకు తేలలేదు.

కాబట్టి పిల్లలూ, ఏ మైకు కొనాలని నన్ను అడగొద్దు. కొనబోయే వస్తువు ఏమేం పారేస్తుందో అంగట్లో అడగండి. వాళ్ళకూ తెలియదు. మీకు ముఖ్యమైన చప్పుడేదో మీరే వెంట తీసుకువెళ్ళి అక్కడే వినండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

ఆచారి ఆ రాయిలోంచి పక్కకు తీసిన ముక్కతో సన్నటి కడ్డీ ఒకటి చెక్కి ఇచ్చాడు. దారం కట్టి వేలాడదీసి తాళంచెవితో కొడితే మోగుతుంది. మొన్న దాన్ని సంచిలో వేసుకుని, నంద్యాలలో చెవి మిషను అమ్మిన చోటికే వెళ్ళాను. లోపల నాలాంటి ముసలివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అబ్బాయి నాకు కొత్తరకం ఒకటి తగిలించి, వెనక్కి జరిగి నవ్వుతూ అడిగాడు.

"క్లారిటీ ఎట్లుందమ్మా?"

కడ్డీ తీసి వేలాడదీసి కొట్టాను. వరసలో కొందరు ఉలిక్కిపడి తల తిప్పారు. మిగిలినవాళ్ళు కదలకుండా అలాగే ఎదుటి గోడను చూస్తూ కూర్చున్నారు. నేనూ వాళ్ళలోనే ఉన్నాను. నాకు టక్ అనే వినపడింది.

"ఇది కాదు నాయనా. ఇంకోటి చూపియ్యి" అన్నాను.